ఎర్రమట్టిలో నల్లటిది ఎంత?



పోస్టు పెద్దది. ఒక్కసారే చదవలేకపోతే రెండు సార్లుగా చదవండి, గానీ చివరి దాకా చదవండి. ముఖ్యంగా పోడు పట్టా ఉన్న ఇళ్ళ పిల్లలు చదవండి.

విషయం ముందే చెప్పేస్తున్నాం. మట్టిలో కర్బనం ఎంత ఉందో లేజర్ కొట్టి కొలిచే పద్ధతి ఒకటి ఉంది. ఇక ముందు ఆ కొలతే డబ్బు అవుతుంది. కానీ ఏ మట్టిని ముందుగా చూపిస్తే ఆ మట్టినే ఆ యంత్రం సరిగ్గా చదువుతుంది. మన కొండల మట్టిని దానికి చూపించే పని మనోళ్ళు నేర్చుకోవాలి. లేకపోతే మన భూమి గురించి ఎవరో ఒక అంకె చెప్తారు, మనం తల ఊపుతాం. ఇంతే మా మాట. ఎందుకో కింద రాస్తున్నాం.

మేము నలుగురం అమ్మాయిలం, అల్లూరి జిల్లాలో ఒక ఎస్టీ హాస్టల్లో ఒకే గదిలో ఉంటాం. డిగ్రీ చదువుతున్నాం. ముగ్గురిది కెమిస్ట్రీ, ఒకరిది ఫిజిక్స్. నలుగురి ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయిన ఏడాది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఇచ్చినప్పుడు క్లాసులో ఎక్కువ మంది మరుగుదొడ్లు, రేషన్ కార్డులు, తాగునీరు తీసుకున్నారు. మేము మట్టి తీసుకున్నాం. దానికి కారణం ఒక కాగితం.

మాలో ఒకరి ఊరికి ఇద్దరు మనుషులు వచ్చారు. పోడు కాల్చకండి, చెట్లు పెట్టండి, మీ మట్టిలో కార్బన్ పెరుగుద్ది, దానికి పైదేశాల నుంచి డబ్బొస్తుంది, ఇరవై ఏళ్ళ ఒప్పందం, ఇక్కడ సంతకం, సంతకం రాకపోతే వేలిముద్ర అన్నారు. కాగితం అంతా ఇంగ్లీషే. ఊరి పెద్దలు ఒకటే అన్నారట. "మా పిల్లలు కాలేజీలో ఉన్నారు, ఆళ్ళు చదివి చెప్పినాకే." ఆ కాగితం ఫొటోలు రాత్రి తొమ్మిదింటికి మా ఫోనుకి వచ్చాయి. నలుగురం కూర్చుని డిక్షనరీ పెట్టుకుని రెండు రాత్రులు చదివాం. అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాం. మట్టిలో కర్బనాన్ని ఆమోదం పొందిన పద్ధతిలో కొలుస్తారు అని ఉంది. ఏ పద్ధతి? ఎవరు కొలుస్తారు? ఏ చెక్క నుంచి మట్టి తీస్తారు? అవి ఎక్కడా లేవు.

సెలవులకి ఊరెళ్ళి కాగితంలో ఉన్నది చెప్తుంటే ఒక తాత అడిగాడు. "ఏటమ్మా, మట్టిలో బొగ్గేటి? బొగ్గు పొయ్యిలో ఉంటాది గానీ." అందరూ నవ్వారు. ఆ తాత ప్రశ్న ఎంత పెద్దదో తర్వాత తెలిసింది. ఆ మాట కిందకి వచ్చాక చెప్తాం.

ముందు కర్బనం అంటే ఏంటో చూద్దాం. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువుని తీసుకుని చెట్టు ఒళ్ళుగా మారుస్తుంది. ఆకు రాలుతుంది, వేరు చస్తుంది, పశువు పేడ వేస్తుంది. వానపాములు, పురుగులు, కంటికి కనపడని జీవాలు వాటిని తిని, కుళ్ళబెట్టి, మట్టిలో కలిపేస్తాయి. అడవి నేల తవ్వితే పైన నల్లగా మెత్తగా ఉంటుంది కదా, ఆ నలుపులో ఎక్కువ భాగం ఇదే. దానివల్ల మట్టి నీళ్ళు పట్టుకుంటుంది, ఎరువు పట్టుకుంటుంది, వాలులో కొట్టుకుపోకుండా కొంత ఆగుతుంది. ప్రపంచం మొత్తం మీద పై ఒక మీటరు మట్టిలో సుమారు లక్షన్నర కోట్ల టన్నుల సేంద్రియ కర్బనం ఉంటుందని అంచనా. అది గాలిలో ఉన్న కర్బనం కంటే ఎక్కువ. అందుకే వాతావరణం మారిపోతోంది అనుకునే దేశాలన్నీ ఇప్పుడు మట్టి వైపు చూస్తున్నాయి.

మన పెద్దోళ్ళకి ఇదంతా తెలియక కాదు. పల్లం భూమి, గరువు భూమి, కొండపోడు అని మూడు పేర్లు పెట్టింది వాళ్ళే. ఏ చెక్కకి ఎన్ని గంపల గెత్తం పడాలో, ఏ చెక్కని ఎన్నేళ్ళు వదిలెయ్యాలో అరచేతిలో మట్టి నలిపి చెప్తారు. పోడుని వెనకట్లో చాలా ఏళ్ళు బీడు వదిలేవారు, అడవి మళ్ళీ లేచేది, మట్టి మళ్ళీ నల్లబడేది. ఇప్పుడు భూమి చాలక ఆ విరామం తగ్గిపోయింది. వాళ్ళ లెక్క తప్పు కాదు. కాకపోతే ఆ లెక్క కాగితం మీద చెల్లదు. కాగితానికి అంకె కావాలి.

అంకె ఎలా వస్తుంది?

మొదటి పద్ధతి మనకి ల్యాబులో తెలిసిందే. 1934లో వాక్లీ, బ్లాక్ అనే ఇద్దరు చెప్పిన పద్ధతి. ఒక గ్రాము మట్టి తీసుకుని పొటాషియం డైక్రోమేట్ పోసి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తాం. వేడి పుడుతుంది, ఆ వేడికి కర్బనం ఆక్సీకరణం అవుతుంది. అరగంట ఆగి, నీళ్ళు పోసి, డైఫినైలమిన్ చుక్కలు వేసి, ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో టైట్రేషన్. నీలి ఊదారంగు పోయి ఒక్క చుక్కలో పచ్చబడుతుంది. ఎంత డైక్రోమేట్ ఖర్చయిందో చూస్తే కర్బనం ఎంతో తెలుస్తుంది. రైతులకిచ్చే భూసార పరీక్ష కార్డు మీద పన్నెండు అంశాల్లో సేంద్రియ కర్బనం ఒకటి. 0.5 శాతం కంటే తక్కువైతే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ, మధ్యలో ఉంటే మధ్యస్థం.

మేము ప్రాజెక్టుకి పల్లం, గరువు, పోడు, కాఫీ తోట నీడ, నాలుగు చోట్ల మట్టి తెచ్చి ఇలాగే చేశాం. కాఫీ తోట మట్టి ఫ్లాస్కు చూడగానే తేడా తెలిసిపోయింది, డైక్రోమేట్ నారింజరంగు అప్పుడే ఆకుపచ్చకి తిరిగిపోతోంది. సిల్వర్ ఓక్ ఆకులు ఏళ్ళ తరబడి రాలిన మట్టి అది. మా మేడమ్ దగ్గర నిలబడి చేయించారు. కష్టం ఎక్కడంటే, ఒక్కో నమూనాకి బోలెడు ఆమ్లం, చివర్లో క్రోమియం ఉన్న విషపు నీళ్ళు మిగులుతాయి. వాటిని ఎక్కడ పారబొయ్యాలి? వంద నమూనాలైతే ఎలా? ఇంకో సంగతి, ఈ పద్ధతిలో కర్బనం అంతా ఆక్సీకరణం కాదు. సగటున 77 శాతమే అవుతుందనుకుని లెక్కని 1.3తో గుణిస్తారు. అన్ని మట్టికీ అదే 1.3. ఆ అంకె మన మట్టికి సరిపోతుందా లేదా అని ల్యాబులో ఎవరూ ఆగి చూడరు.

రెండో పద్ధతి, మట్టిని సుమారు వెయ్యి డిగ్రీల దగ్గర ఆక్సిజన్‌లో కాల్చి, వచ్చిన బొగ్గుపులుసు వాయువుని కొలవడం. ఇది చాలా నమ్మకమైనది. యంత్రం ఖరీదు, నడపడం ఖరీదు, నమూనా ల్యాబుకి పంపాలి.

మూడోది లేజర్. పూర్తి పేరు లేజర్ ఇండ్యూస్డ్ బ్రేక్‌డౌన్ స్పెక్ట్రోస్కోపీ, అందరూ లిబ్స్ అంటారు. మా ఫిజిక్స్ అమ్మాయి గది గోడ మీద చాక్‌పీస్‌తో గీసి చెప్పింది, ఇక్కడ మాటల్లో రాస్తున్నాం.

పది వాట్ల ఎల్.ఈ.డి. బల్బు సెకనులో రెండు వందలో వంతు సేపు వెలిగితే అయ్యే కరెంటు ఎంతో, ఒక్క లేజర్ దెబ్బలో ఉండే శక్తి సుమారు అంతే, 50 మిల్లీజౌళ్ళు. ఏం లేదనిపిస్తుంది కదా. కానీ లేజర్ దాన్ని 5 నానోసెకన్లలో వదులుతుంది, అంటే సెకనుని వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఐదు ముక్కలు. 50 మిల్లీజౌళ్ళని 5 నానోసెకన్లతో భాగించి చూడండి, కోటి వాట్లు వస్తుంది. ఆ కోటి వాట్లని కటకంతో సూదిమొన అంత చోటికి చేరుస్తారు. అక్కడున్న అతి కొద్ది మట్టి ఆవిరైపోయి, సుమారు పది వేల డిగ్రీల నిప్పురవ్వ అవుతుంది. సూర్యుడి పైభాగం వేడి ఐదున్నర వేల డిగ్రీలు, దాని కంటే ఎక్కువ. అంత వేడిలో ఆకు, పేడ, వేరు అన్న తేడా ఏమీ మిగలదు, అన్నీ విడి పరమాణువులైపోతాయి. ఆ రవ్వ చల్లారేటప్పుడు ఒక్కో మూలకం తన సొంత రంగు వెలుగుని వదులుతుంది. ఉప్పు పొయ్యిలో పడితే మంట పసుపు పచ్చగా అవుతుంది కదా, అది సోడియం రంగు. అలాగే కర్బనానికీ ఒక గీత ఉంది. దాని తరంగదైర్ఘ్యం 247.86 నానోమీటర్లు. ఇంకోటి 193 దగ్గర ఉంది. ఈ రెండూ అతినీలలోహితం, కంటికి కనపడవు, స్పెక్ట్రోమీటరు చూస్తుంది. గీత ఎంత ఎత్తుగా ఉంటే కర్బనం అంత ఎక్కువ.

మట్టిని ఆరబెట్టి, దంచి, జల్లించి, గట్టిగా నొక్కి బిళ్ళ చేస్తారు. దాని మీద చాలా చోట్ల లేజర్ కొట్టి సగటు తీస్తారు. ఆమ్లం లేదు, విషపు నీళ్ళు లేవు. బిళ్ళ సిద్ధంగా ఉంటే కొలత నిమిషాల పని. కళ్ళకి ప్రత్యేకమైన అద్దాలు మాత్రం తప్పనిసరి, లేజర్ చూపు తీసేస్తుంది.

ఇది ఎక్కడో సినిమాలో సంగతి కాదు. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగినప్పుడు మనలో చాలా మంది హాస్టల్ టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టాం. ఆ ప్రజ్ఞాన్ రోవర్‌లో ఉన్న ఒక పరికరం ఇదే లిబ్స్. బెంగళూరులో ఇస్రో వాళ్ళ లియోస్ ల్యాబులో తయారైంది. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర నేల మీద లేజర్ కొట్టి, అక్కడ గంధకం ఉందని ఇస్రో చెప్పింది దీంతోనే. అల్యూమినియం, కాల్షియం, ఇనుము, టైటానియం కూడా కనపడ్డాయి. అమెరికా వాళ్ళ క్యూరియాసిటీ రోవర్ 2012 నుంచి అంగారకుడి మీద రాళ్ళకి కొడుతోంది. మట్టిలో కర్బనం సంగతికొస్తే, అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబు వాళ్ళు 2001లోనే లిబ్స్‌తో మొత్తం కర్బనం కొలిచి పరిశోధన పత్రం వేశారు. మన పక్కనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పేలుడు పదార్థాలని గుర్తుపట్టడానికి లిబ్స్ మీద పరిశోధన జరిగింది. చంద్రుడి మట్టికి అందిన వెలుగు పాడేరు కొండలకి అందకూడదా అని మేము అనుకున్నాం.

ఇప్పుడు అసలు చిక్కు.

మన మట్టి ఎందుకు ఎర్రగా ఉంటుంది? ఇనుము వల్ల. లేజర్ రవ్వలో ఇనుము కూడా వెలుగుతుంది, అదీ వందల గీతలతో. అందులో ఒక గీత 247.98 దగ్గర. కర్బనం గీత 247.86. మధ్య తేడా నానోమీటరులో ఎనిమిదో వంతు. స్పెక్ట్రోమీటరు మంచిది కాకపోతే ఈ రెండు గీతలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనపడతాయి. ఇనుము వెలుగుని కూడా కర్బనం అని రాసేసుకుంటుంది. సరే, 193 దగ్గరున్న గీత చూద్దామంటే, అక్కడ అల్యూమినియం గీత అడ్డొస్తుంది. పైగా గాలిలోని ఆక్సిజన్ ఆ వెలుగుని కొంత మింగేస్తుంది. మన కొండల్లో అల్యూమినియం సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు, బాక్సైట్ అంటే అదే. అంటే ఒక గీత పక్కన ఇనుము, ఇంకో గీత పక్కన అల్యూమినియం. మన నేలలో రెండూ దండిగా ఉన్నాయి.

దీనికి దారి లేక కాదు. బ్రెజిల్‌లో కూడా మనలాంటి ఎర్రనేలలే ఎక్కువ. అక్కడి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా వాళ్ళు సావో కార్లోస్ ల్యాబులో ఈ అడ్డుగీతల మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు. ఇనుముకీ అల్యూమినియానికీ వేరే చోట ఉన్న గీతలు చూసి, అవి ఎంత వెలుగు కలిపాయో లెక్కగట్టి, కర్బనం గీతలోంచి తీసేస్తారు. వాళ్ళ మట్టి వాళ్ళు చూపించారు, యంత్రం నేర్చుకుంది. అమెరికా మైదానాల మట్టితో నేర్పిన యంత్రాన్ని అలాగే తెచ్చి అక్కడ పెట్టి ఉంటే తప్పులే వచ్చేవి.

నేర్పడం అంటే ఏంటంటే, ఒక ప్రాంతం నుంచి చాలా నమూనాలు తీసుకోవాలి. వాటిలో కర్బనం ఎంతో ముందు కాల్చే పద్ధతిలో కచ్చితంగా కొలవాలి. తర్వాత అవే నమూనాల మీద లేజర్ కొట్టి, ఈ అంకెకి ఈ వెలుగు అని గ్రాఫు గియ్యాలి. దాన్నే కాలిబ్రేషన్ అంటారు. ఆ గ్రాఫులో లేని రకం మట్టి వస్తే యంత్రం తెల్లముఖం వెయ్యదు, ఏదో ఒక అంకె ఇచ్చేస్తుంది. అదే ప్రమాదం. తెలియనప్పుడు తెలీదు అని చెప్పే మనిషి నయం.

తాత అడిగిన బొగ్గు మాట ఇప్పుడు. పోడు కాల్చిన చోట చెట్ల మొదళ్ళు, కొమ్మలు సగం కాలి బొగ్గుగా మిగులుతాయి. నలిగి మట్టిలో కలుస్తాయి. బొగ్గు చాలా ఏళ్ళు కుళ్ళదు. డైక్రోమేట్ పద్ధతి బొగ్గుని సరిగ్గా పట్టుకోదు, చాలా భాగం వదిలేస్తుంది. లేజర్ వదలదు, పదివేల డిగ్రీల దగ్గర బొగ్గైనా ఆకైనా ఒకటే. కాబట్టి ఒకే పోడు చెక్కలో ఒకే రోజు తీసిన మట్టికి రెండు పద్ధతుల్లో రెండు అంకెలు వస్తాయి. ఎవరూ మోసం చెయ్యలేదు, అయినా తేడా ఉంటుంది. ఇప్పుడు ఆలోచించండి. ఈ ఏడాది లేజర్‌తో కొలిచి, పదేళ్ళ తర్వాత డైక్రోమేట్‌తో కొలిస్తే ఏమవుతుంది? మనోళ్ళు కష్టపడి చెట్లు పెంచినా కర్బనం తగ్గింది అని కాగితం చెప్తుంది. తిరగేసి చేస్తే పెరగకపోయినా పెరిగింది అంటుంది, అది ఇంకొకడి జేబులోకి పోతుంది. "మట్టిలో బొగ్గేటి" అన్న తాతే అసలు ప్రశ్న అడిగాడు.

ఈ తేడా డబ్బుల్లో ఎంతో చూద్దామని నోటుబుక్కులో లెక్క వేశాం, మీరూ వేసి చూడండి. ఎకరం అంటే సుమారు 4047 చదరపు మీటర్లు. 30 సెంటీమీటర్ల లోతు వరకు 1214 ఘనపు మీటర్ల మట్టి. ఘనపు మీటరు 1.3 టన్నులు తూగుతుందనుకుంటే 1578 టన్నులు. అందులో 0.1 శాతం అంటే 1.58 టన్నుల కర్బనం. బొగ్గుపులుసు వాయువుగా మార్చాలంటే 44ని 12తో భాగించి, అంటే 3.67తో గుణించాలి. 5.8 టన్నులు వస్తుంది. ఒక టన్నుకి ఒక కార్బన్ క్రెడిట్. అంటే కొలతలో 0.1 శాతం అటూఇటూ అయితే ఎకరానికి దాదాపు ఆరు క్రెడిట్లు అటూఇటూ. ఐదెకరాల పోడు పట్టాకి ముప్పై. ఇనుము గీత కాస్త కలిసినా ఇంత తేడా రాగలదు.

రాళ్ళ సంగతి కూడా చూడాలి. నమూనాని 2 మిల్లీమీటర్ల జల్లెడలో జల్లించి రాళ్ళు పారేస్తారు. మన కొండపోడులో నాలుగో వంతు రాళ్ళే ఉండొచ్చు. ఎకరం లెక్క కట్టేటప్పుడు ఆ నాలుగో వంతు తీసెయ్యకపోతే లేని మట్టికి కర్బనం రాసినట్టే. లేజర్ ఎంత గొప్పదైనా రాళ్ళు లెక్కపెట్టదు, మట్టి బరువు తూచదు, వాలు చూడదు. అది సూదిమొన అంత చోటే చూస్తుంది. ఆ సూదిమొన ఏ చెక్క నుంచి వచ్చిందో చెప్పాల్సింది మనిషే.

మేము కార్బన్ డబ్బుకి వ్యతిరేకం కాదు. అరకు వైపు చెట్లు నాటి కార్బన్ డబ్బుతో నడిచిన పనులు పదేళ్ళ పైనుంచే ఉన్నాయి. వ్యవసాయంలో కార్బన్ మార్కెట్ కోసం కేంద్ర వ్యవసాయ శాఖ 2024 జనవరిలో ఒక విధానం కూడా విడుదల చేసింది. అంటే ఇలాంటి కాగితాలు ఇంకా వస్తాయి. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా మన పిల్లలకి వస్తుంది, అమ్మడానికి లేదు. అమ్మడానికి లేని భూమి మీద ఇరవై ఏళ్ళు ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో రాసే కాగితాన్ని చదవకుండా వేలిముద్ర వెయ్యకూడదు.

ఊళ్ళో గ్రామసభ పెట్టించి మేము ఐదు ప్రశ్నలు రాసిచ్చాం. మీ ఊరికి ఎవరైనా వస్తే ఇవే అడగండి.

ఒకటి, ఇప్పుడు ఏ పద్ధతిలో కొలుస్తారు, చివర్లో కూడా అదే పద్ధతిలో కొలుస్తారా? కాగితం మీద రాయండి.

రెండు, లేజర్ యంత్రం అయితే దానికి మన ప్రాంతం మట్టి చూపించారా? ఎన్ని నమూనాలు, ఏయే ఊళ్ళవి?

మూడు, పల్లం, గరువు, కొండపోడు విడివిడిగా తీస్తారా, కలిపేస్తారా? ఎంత లోతు? రాళ్ళు తూచి తీసేస్తారా?

నాలుగు, ప్రతి నమూనాలో సగం సీలు వేసి ఊళ్ళో ఉంచుతారా? తేడా వస్తే ఇంకో ల్యాబుకి పంపడానికి.

ఐదు, అంకెలు ఎవరి దగ్గర ఉంటాయి? ఊరికి తెలుగులో ఇస్తారా?

ఆ మనుషులు రెండోసారి వచ్చినప్పుడు ప్రశ్నల కాగితం తీసుకున్నారు, పైవాళ్ళని అడిగి చెప్తామన్నారు. ఇంకా రాలేదు. ఊళ్ళో కొంతమందికి మా మీద కోపంగానే ఉంది. వచ్చే డబ్బు ఈ పిల్లలు ఆపేశారు అంటున్నారు. నిజంగా మంచి పథకమే అయితే మావల్ల ఆలస్యమైందన్న మాట పడాల్సిందే. ఆ భారం మాకు తెలుసు. మా ఫ్రెండు వాళ్ళ అయ్య మాత్రం, "సంతకం ఎప్పుడైనా పెట్టొచ్చు, పెట్టినాక తీయలేం కదా" అన్నాడు. చదువు రాని మనిషి, మాకంటే సూటిగా చెప్పాడు.

మా ఫిజిక్స్ అమ్మాయి ఎమ్మెస్సీకి ఎంట్రన్స్ రాస్తోంది. ఇంట్లో డీఎస్సీకి చదవమంటున్నారు, అదీ న్యాయమే, ఇంట్లో జీతం చూసినోళ్ళు లేరు. కానీ ఇంకో పదేళ్ళకి మన జిల్లాకి లేజర్ యంత్రం వచ్చినప్పుడు, దాని పక్కన నిలబడి ఇది పోడు మట్టి, ఇందులో బొగ్గు ఉంది, ఇనుము తీసి చూడండి అని చెప్పే మనిషి ఒకరైనా మన ఊళ్ళ నుంచి ఉండాలి. బయట నుంచి వచ్చినాయనకి మట్టి ఎర్రగా ఉందని తెలుస్తుంది. ఏ చెక్క ఏ ఏడు కాలిందో మన ఇంట్లోనే తెలుస్తుంది.

అందుకని ఒక పని అనుకున్నాం. ఈ వేసవి సెలవులకి ఇళ్ళకెళ్ళే వాళ్ళు మీ భూమిలో మూడు చోట్ల జానెడు లోతు నుంచి మట్టి తీసి, నీడలో ఆరబెట్టి, కవరులో కట్టండి. మీద ఊరి పేరు, భూమి రకం, పోడు చివరగా ఎప్పుడు కాల్చారు, ఏం పండించారు, చోళ్ళా సామలా వలిసెలా కాఫీనా, ఇంట్లో పెద్దోళ్ళని అడిగి రాయండి. పెద్దోళ్ళు ఆ మట్టిని ఏ పేరుతో పిలుస్తారో మీ భాషలోనే రాయండి, కువి అయినా, గదబ అయినా, ఏదైనా. మా మేడమ్ డైక్రోమేట్ పద్ధతిలో కొన్నిటికి చేయిద్దాం అన్నారు. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ళని కూడా కలుద్దామని అనుకుంటున్నాం. లేజర్ దొరికిన రోజు దొరుకుతుంది, ఆ రోజుకి మన దగ్గర మట్టీ, దాని కథా రెండూ సిద్ధంగా ఉండాలి.

ఎవరైనా అన్నలు, అక్కలు సాయిల్ సైన్స్‌లో గానీ ఫిజిక్స్‌లో గానీ పై చదువుల్లో ఉంటే మాకు చెప్పండి. ఏ యూనివర్సిటీలో ఏ ల్యాబు ఉంది, ఫీజు ఎంత, హాస్టల్ దొరుకుతుందా, ఎంట్రన్స్‌కి ఏ పుస్తకం చదవాలి, అన్నీ కావాలి. మా నలుగురికే కాదు, వెనక వచ్చే వాళ్ళకి కూడా.